నెల్లూరులో శనివారం దోశ, ఆదివారం పులుసు

చేపల పులుసు కోసం నెల్లూరు వెళ్లేవాళ్లు ముందుగా ఆదివారం మధ్యాహ్నం భోజనం ఎక్కడో తేల్చుకుని, మిగతా తిరుగుడంతా దాని చుట్టూ అమర్చుకోవాలి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. గుళ్లు, సముద్రం, బజారు అన్నీ తిరిగి, మూడింటికి ఏ హోటలు కనిపిస్తే అందులో దూరి, గిన్నె అడుగున మిగిలిన పులుసు పోయించుకుని, "నెల్లూరు పులుసంటే ఇంతేనా" అని పెదవి విరిచి వస్తారు. నేను ఒంగోలులో కర్రీ పాయింట్ నడుపుతాను. మధ్యాహ్నం మూడింటికి గిన్నె అడుగున ఏముంటుందో నాకు బాగా తెలుసు.

ఫిబ్రవరిలో ఒక శని, ఆదివారాలు దుకాణం మూసి వెళ్లాం. నేను, మా ఆయన, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి, మా అత్తయ్య. అత్తయ్య పుట్టింటివాళ్లది కొత్తపట్నం దగ్గర పల్లె. సముద్రం ఒడ్డున పెరిగిన మనిషి కాబట్టి మా ఇంట్లో చేప విషయంలో ఆవిడ మాటే చెల్లుతుంది. అయితే శనివారం ఆవిడకు ఒక్కపొద్దు. మధ్యాహ్నం ఒక పూట అన్నం, రాత్రికి టిఫిను, నీచు ముట్టరు. "రెండే రోజులు, అందులో ఒకటి పప్పుచారుతో పోతుంది" అని మా అమ్మాయి గొణిగింది. నన్నడిగితే నెల్లూరుకు ఇంతకంటే మంచి పద్ధతి లేదు. శనివారం గుడి, దోశ, కాజా. ఆదివారం సముద్రం, చేప. రెండూ ఒకే రోజు కుక్కితే దేని రుచీ నాలుక మీద నిలవదు.

ఒంగోలు నుంచి రైలులో రెండు గంటలు కూడా పట్టదు. విజయవాడ నుంచి మద్రాసు పోయే పినాకిని ఎక్స్‌ప్రెస్ పొద్దున పూటే ఉంటుంది, ఆ బండికి పెన్నా నది పేరే పెట్టారు. మద్రాసు వైపు నుంచి వచ్చేవాళ్లకు 16వ నంబరు జాతీయ రహదారి మీద నూట డెబ్బై అయిదు కిలోమీటర్ల దూరం. సొంత కారు ఉన్నా తీసుకురావద్దని నా సలహా. ట్రంకు రోడ్డు మీద బండి ఆపడానికి చోటు వెతకడంలోనే ఒక పూట గడిచిపోతుంది.

మేం దిగిన లాడ్జి గురించి ఎక్కువ చెప్పను. స్టేషనుకు దగ్గర, గదులు శుభ్రం, దుప్పట్లు ఉతికినవే. వేడినీళ్లు మాత్రం పొద్దున ఏడు దాటితే రావు, ఆ సంగతి ఏడున్నరకు చెబుతారు. గది అద్దెలోనే ఉదయం ఫలహారం ఉందన్నారు. ఆ ఇడ్లీ పైన చెమ్మ పట్టి, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. ఉడికించాక మూత తీయకుండా గంటల తరబడి పాత్రలోనే వదిలేస్తే అలా అవుతుంది. అద్దె పద్దెనిమిది వందలు. ఇడ్లీ లేకుండా పదహారు వందలకు ఇస్తే మళ్లీ దిగుతాను.

ఆ లాడ్జివాళ్లే కారు ప్యాకేజీ ఒకటి చూపించారు. ఒక్క రోజులో పది చోట్లు. ఆ కాగితంలో ఉదయగిరి కోట కూడా ఉంది. నెల్లూరు నుంచి ఉదయగిరి వంద కిలోమీటర్ల దూరం, అక్కడ కొండ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యను వెంటపెట్టుకుని ఆ కాగితం చదువుతుంటే నవ్వొచ్చింది. బయటికి వచ్చి స్టేషను దగ్గర ఒక ఆటో మాట్లాడుకున్నాం. మూలాపేట మనిషి, యాభై దాటిన వయసు. శనివారం రాత్రి వరకు వెయ్యి రెండు వందలు, ఆదివారం మైపాడుతో కలిపి పద్నాలుగు వందలు అన్నాడు. బేరం ఆడలేదు. అత్తయ్య ఎక్కేటప్పుడు ప్రతిసారీ బండిని అరుగు పక్కకో, ఎత్తుగా ఉన్న చోటికో తెచ్చి ఆపేవాడు. ఎవరూ చెప్పకుండానే. ఈ పని చేసే కారు డ్రైవరును నేను ఇంతవరకు చూడలేదు.

మొదట రంగనాయకులపేట. తల్పగిరి రంగనాథస్వామి గుడి పెన్నా ఒడ్డునే ఉంది. గాలిగోపురం దాదాపు డెబ్బై అడుగులు, కింద నిలబడి శిఖరం దాకా చూడాలంటే మెడ పూర్తిగా వెనక్కి వంచాలి. శనివారం కాబట్టి రద్దీ ఉంది, కానీ తోపులాట లేదు. శేషుడి మీద పవళించిన స్వామిని అత్తయ్య తాపీగా చూసుకున్నారు. అద్దాల మండపంలో మా అమ్మాయి చాలాసేపు నిలబడిపోయింది, ఫోను తీయకుండా. మా ఇంట్లో అది వార్తే. మార్చి, ఏప్రిల్ నెలల్లో బ్రహ్మోత్సవాలు. అప్పుడు వెళ్లేవాళ్లు ఈ తాపీదనం ఆశించకూడదు.

గుడి నుంచి నది దగ్గరికి దిగాం. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, 597 కిలోమీటర్లు ప్రవహించి వచ్చి, ఈ ఊరు దాటగానే సముద్రంలో కలిసిపోతుంది పెన్న. ఫిబ్రవరిలో ఇసుక ఎక్కువ, నీళ్లు తక్కువ. చూడటానికి గొప్పగా ఉందని చెబితే అబద్ధం. ఒడ్డున చెత్త కూడా ఉంది. అయినా గాలి బాగుంది, అత్తయ్య చెప్పులు విడిచి కాళ్లు తడుపుకున్నారు. 2022లో ఇక్కడా, ఎగువన సంగం దగ్గరా కొత్త బ్యారేజీలు వచ్చాయి. వాటి మీద నుంచి చూస్తే నీళ్లు బాగా కనిపిస్తాయని ఆటో అతను చెప్పాడు. మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన సోమయాజి పదమూడో శతాబ్దంలో ఈ ఊళ్లోనే ఉండి భారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేశాడని మా అమ్మాయి నానమ్మకు చెప్పింది. అత్తయ్య విని, "పదిహేనా! వాళ్లావిడ ఎన్నిసార్లు అన్నానికి పిలిచి ఉంటుందో" అన్నారు. వంట చేసి మనిషి కోసం ఎదురుచూసేవాళ్లకే తట్టే మాట అది.

మధ్యాహ్నం ట్రంకు రోడ్డు మీద శాకాహార భోజనం. బాగుంది, అంతకు మించి చెప్పడానికి లేదు. అన్నం మాత్రం చెప్పుకోవాలి. సన్నగా, మెత్తగా, పలుకు లేకుండా, ఒకదానికొకటి అంటుకోకుండా ఉంది. ఈ జిల్లా మొలగొలుకులకు పేరు పడ్డ జిల్లా. ఇప్పుడు ఆ పాత వడ్లు పండించేవాళ్లు తక్కువ. మా దుకాణానికి బియ్యం వేసే వ్యాపారి నెల్లూరు మసూరి అని, 34449 రకం అని తెచ్చేది ఇక్కడి పరిశోధన కేంద్రంలో పుట్టిన వంగడమే. అన్నం బాగున్న ఊళ్లో కూర సగం గట్టెక్కినట్టే.

ఎండ తగ్గాక దర్గామిట్టలో బారాషహీద్ దర్గాకు వెళ్లాం. స్వర్ణాల చెరువు ఒడ్డున పన్నెండు మంది అమరవీరుల సమాధులు. మొహర్రం నెలలో ఇక్కడ రొట్టెల పండుగ జరుగుతుంది. చెరువు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె, సంతానం రొట్టె. కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు, తీరినవాళ్లు మరుసటి ఏడు రొట్టె చేసి తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. హిందువులూ ముస్లిములూ కలిసి చేసుకునే పండుగ. మేం వెళ్లింది మామూలు రోజు. ఎవరి తొందరా లేని చోటు. చెరువు గట్టున కూర్చోవడానికి నీడ ఉంది, ఆటలాడుకునే పిల్లలున్నారు. మా అమ్మాయి ఉద్యోగం రొట్టె ఇప్పుడే ఎవరైనా ఇస్తారేమోనని చుట్టూ చూసింది. మొక్కులు, దర్శనాలు కాకుండా సాయంత్రం కాసేపు ఊరికే కూర్చోవాలనుకునే పెద్దవాళ్లను ఇక్కడికి తీసుకురండి.

ఇక దోశ. ట్రంకు రోడ్డుకు ఒక సందు లోపల, నాలుగు బల్లలు, బయట రెండు పెనాలు. కారం దోశ నెల్లూరు చుట్టుపక్కల జిల్లాలన్నింటిలో దొరుకుతుంది, మా ఒంగోలులోనూ వేస్తారు. తేడా ఎక్కడుందో పెనం పక్కన నిలబడి చూస్తే తెలిసింది. ఎండు మిరపకాయలు, వెల్లుల్లి, ఉల్లిపాయ, ఉప్పు కలిపి రుబ్బిన ఎర్ర ముద్దను మావాళ్లు దోశ కాలి ఎండాక పూస్తారు. అప్పుడు వెల్లుల్లి పచ్చివాసన పోదు, రాత్రంతా నోట్లో ఉంటుంది. ఇక్కడతను పిండి పైభాగం ఇంకా తడిగా ఉండగానే కారం వేసి, అట్లకాడ వెనకవైపుతో ఒకే ఒక్క చుట్టు తిప్పాడు. కారం పిండిలోకి దిగి దాంతో పాటే కాలింది. ఆ పైన వేయించిన శనగపప్పు పొడి చల్లి, అంచు చుట్టూ నూనె వదిలి, మధ్యలో చెంచాడు నెయ్యి. అడుగు ఎర్రగా కరకరలాడుతుంది, లోపల మెత్తదనం పోదు. పప్పుల పొడి కారాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి మంట ముందు రాదు, మింగాక వస్తుంది. కళ్లలో నీళ్లు పెట్టుకుని మా అమ్మాయి రెండోది చెప్పింది.

అత్తయ్యకు ఉత్త దోశ చెప్పాం, శనివారం అని కూడా అన్నాం. పెనం దగ్గర ఉన్నతను తల ఎత్తి, "ఉల్లి కూడా వద్దా పెద్దమ్మా?" అన్నాడు. "ఉల్లి తింటాను నాయనా, వెల్లుల్లే వద్దు" అన్నారు ఈవిడ. అతను రెండో పెనం మీద నీళ్లు చల్లి, గీకి, తుడిచి, సగం కోసిన ఉల్లిపాయతో నూనె రాసి అప్పుడు పిండి పోశాడు. జనం నిలబడి ఉన్న సమయంలో ఒక ఉత్త దోశ కోసం పెనం కడగడం అంటే ఏమిటో ఆ పని చేసేవాళ్లకు తెలుస్తుంది. కారం దోశ యాభై, ఉత్త దోశ నలభై. కొబ్బరి చట్నీ పలుచన, దాన్ని మెచ్చుకోలేను. రాత్రి ఎనిమిది దాటితే కూర్చునే చోటు దొరకదు, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఏడింటికే వెళ్లాలి.

మలై కాజా గురించి మా ఇంట్లో ఇంకా వాదన నడుస్తోంది. నెల్లూరు వచ్చినవాళ్లు డబ్బా కొనకుండా వెళ్లరు. తాపేశ్వరం మడత కాజాలో పొరలు విరుగుతాయి, కాకినాడ కాజాలో పాకం చిమ్ముతుంది. ఇది ఆ రెండూ కాదు. మెత్తగా, పాల రుచితో, నోట్లో పెట్టగానే కరిగిపోతుంది. మా ఆయన కూర్చున్న చోటే అరడజను తిన్నారు. నాకు తీపి ఎక్కువ అనిపించింది. ఒంగోలు మైసూర్‌పాకు తిని పెరిగిన నాలుక, నెయ్యి వాసన లేనిదే మిఠాయి అనదు. కొనేవాళ్లకు ఒక మాట. అద్దాల బీరువాలో పైన పేర్చినవి కాకుండా, లోపలి నుంచి అప్పుడే తెచ్చిన పళ్లెంలోవి అడగండి. పాల మిఠాయి కాబట్టి రెండో రోజుకే మెత్తదనం తగ్గుతుంది. బంధువులకు పంచాలని వారానికి సరిపడా కొనడం దండగ.

అదే బజారులో ఉదయగిరి చెక్క చెంచాలు కనిపించాయి. పిడికి సన్నటి నగిషీ, తాకితే ఎక్కడా గరుకు తగలదు. మా అమ్మాయి ఒక జత కొంది. నేను కుండలో తిప్పడానికి పొడుగు కాడ గరిటె అడిగితే లేదన్నారు, అందరూ అలంకారానికే కొంటారట. అంత పనితనం ఉన్న చేతులు ఒక మంచి పులుసు గరిటె చేస్తే నాలాంటి వాళ్లం డజన్లకొద్దీ కొంటాం. ఎవరైనా ఆ కళాకారులకు ఈ మాట చేరవేస్తే బాగుండును.

ఆదివారం పొద్దున్నే మైపాడు. ఇందుకూరుపేట మీదుగా పాతిక కిలోమీటర్ల లోపు. దారిలో వరిచేలు, కొబ్బరి చెట్లు, ఆ తర్వాత రొయ్యల చెరువులు. చెరువుల్లో గాలి చక్రాలు తిరుగుతూ నీళ్లు చిమ్ముతుంటాయి. పొద్దున ఏడింటికి వెళ్తే ఇసుక చల్లగా ఉంటుంది, పడవలు ఒడ్డుకు వచ్చే వేళ. తొమ్మిది దాటితే జనమూ ఎండా ఒకేసారి పెరుగుతాయి. అలల లాగుడు బలంగా ఉంది, మోకాలి లోతు దాటి ఎవరినీ వెళ్లనివ్వవద్దు. ఒడ్డున పాకల్లో చేపలు, రొయ్యలు అప్పటికప్పుడు వేయిస్తారు. వాసన ఎంత లాగినా అక్కడ తినవద్దని నేను ఇంటి దగ్గరే శాసనం చేశాను. కారణం నూనె. ముందు రోజు మిగిలిన నూనెలో కొత్త నూనె కలిపితే పొంగు మీద నురుగు చిన్న చిన్న బుడగలుగా నిలిచిపోతుంది. కనీసం ఒక పాక దగ్గర అదే చూశాను. నేను, అత్తయ్య నీళ్ల దగ్గర ఉండగా మా ఆయన మాయమై, మీసాల మీద కారంతో తిరిగి వచ్చారు. రొయ్యల వేపుడు బాగానే ఉందట.

మధ్యాహ్నం పులుసు కోసం వెళ్లిన మెస్సు సంతపేటలో, మార్కెట్టు రద్దీకి కాస్త ఎడంగా ఉన్న సందులో ఉంది. బోర్డు మీద మెస్సు అన్న మాట తప్ప మిగతా అక్షరాలు వెలిసిపోయాయి. ఆటో అతను చెబితే తెలిసింది. పాత మిద్దె ఇల్లు, ముందు హాలులో ఆరు బల్లలు. పన్నెండింటికి తలుపు తీస్తారు. మేం పది నిమిషాల ముందు వెళ్తే అప్పటికే బయట రెండు కుటుంబాలున్నాయి. టోకెను లేదు, పుస్తకం లేదు. లోపలి నుంచి ఒకావిడ వచ్చి ముఖాలు చూసి వెళ్లింది, వచ్చిన వరుస తప్పకుండా పిలిచింది.

అరిటాకు, పప్పు, బెండకాయ వేపుడు, రసం, మజ్జిగ. ఇది నూట యాభై. చేప విడిగా. ఆ రోజు కొరమీను, వంజరం, బొమ్మిడాయిలు, రొయ్యల ఇగురు, నెత్తళ్ల వేపుడు ఉన్నాయన్నారు. బొమ్మిడాయిలు ఒక్క దాకే చేశారట, మా ముందు కూర్చున్నవాళ్లతోనే అయిపోయాయి. కొరమీను పులుసు రెండు ముక్కలు రెండు వందల యాభై. వంజరం అంతకంటే ఎక్కువ. పులుసుకు కొరమీనే మేలని అత్తయ్య తీర్పు. వంజరం వేపుడుకు పుట్టిన చేప అని ఆవిడ నమ్మకం.

పులుసు ఎర్రగా లేదు. ఇది ముందు చెప్పాలి. హోటళ్లలో పులుసు ఎర్రగా మెరుస్తుంది. రంగు మిరపపొడి, టమాటా గుజ్జు వేస్తే ఆ మెరుపు వస్తుంది, చిక్కదనమూ వస్తుంది, చింతపండు ఖర్చూ తగ్గుతుంది. మా వ్యాపారంలో అందరికీ తెలిసిన కిటుకే. ఇది ముదురు గోధుమ రంగులో ఉంది, అంచున పలుచగా నూనె తేలింది. వడ్డించే కుర్రాడు గరిటెను దాకలో నిలువుగా దింపలేదు. దాకను పక్కకు వంచి, అంచు నుంచి పులుసు తీసి, ముక్కను వేరే పలుచటి గరిటె మీదకు జరిపి ఆకులో వేశాడు. ముక్క అంచు చెదరలేదు. వేలితో తాకితే కండ పొరలుగా విడిపోయింది, ముల్లు దగ్గర దాకా పులుపు ఎక్కింది. ముక్కను విరిచి మధ్యలో చూడండి. పైన ముదురు, లోపల తెల్లగా చప్పగా ఉంటే అప్పుడే దించిన పులుసు. ఇక్కడ లోపల కూడా లేత గోధుమ రంగే. పక్కన టెంకతో సహా నరికిన మామిడి ముక్క. మామిడికాయ అప్పుడే బజారులోకి దిగుతున్న రోజులు. చింతపండు పులుపు నాలుక మధ్యలో పట్టుకుంటుంది, మామిడి పులుపు దవడల దగ్గర. రెండూ వేరు వేరుగా తెలిశాయి. చివర్లో మెంతుల చేదు, ఉందా లేదా అన్నంత.

అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మామిడికాయ వేయకపోయినా బాగుండేది" అన్నారు. మా అత్తగారి వైపు పులుసులో చింతపండే, పైగా కారం రెట్టింపు. ఆ మాట అని, టెంక తీసుకుని పీచు తెల్లబడే దాకా చీకారు.

డబ్బు ఇచ్చేటప్పుడు, "వంటిల్లు ఒకసారి చూడవచ్చా అక్కా?" అని అడిగాను. ఆవిడ నా ముంజేతుల వంక చూసి, "మీకూ హోటలేనా?" అంది. నూనె చిట్లిన మచ్చలు దాచినా దాగవు. లోపల రెండు గ్యాసు పొయ్యిలు, పెరటి వైపు మూడు కట్టెల పొయ్యిలు. పులుసు కట్టెల మీదే, మట్టి దాకల్లోనే. నన్ను ఆపేసింది దాకల సైజు. పెద్దవి కావు. ఒక్కో దాకలో పాతిక, ముప్ఫై ముక్కలకు మించి వేయరట. ఒకే పెద్ద గిన్నెలో వంద ముక్కలు పరిస్తే గ్యాసు, సమయం, మనిషి, అన్నీ కలిసొస్తాయి. నేను అదే చేస్తాను, ఊళ్లో అందరూ అదే చేస్తారు. కానీ కింది ముక్క మీద పై ముక్క బరువు పడుతుంది, కలపకుండా ఉండలేం, కలిపితే చెదురుతుంది. ఈవిడ నాలుగైదు దాకలు వేరుగా పెడుతుంది. పులుసు మరిగాక చేప వేసి, ఆ తర్వాత గరిటె ముట్టదు, గుడ్డతో అంచులు పట్టుకుని దాకను అటూ ఇటూ తిప్పడమే. మెంతులు, జీలకర్ర, ధనియాలు వేయించి కొట్టిన పొడి దించే ముందు. ఏడింటికల్లా అన్నీ దించి, ఆవిరి పోయే దాకా మూత సగం తెరిచి ఉంచుతుంది. పన్నెండింటికి వడ్డన. అయిదు గంటలు ముక్క పులుసులో నానుతుంది.

"రాత్రి చేసి మర్నాడు పెడితే ఇంకా బాగుంటుంది కదా" అన్నాను. నెల్లూరులో ఎవరినడిగినా మర్నాటి పులుసే పులుసు అంటారు. "ఇంట్లో అయితే అంతే తింటాం. అమ్మకానికి భయం. ఒక్కరికి కడుపులో తేడా చేసినా ఈ సందులో తలెత్తుకోలేం" అంది. నేను పెట్టిన రెండు వందల యాభై ఈ జాగ్రత్తకు కూడా అనుకున్నాను.

మెస్సులో లోపాలు లేవని కాదు. రొయ్యల ఇగురులో గరంమసాలా మరీ ఎక్కువ, తాజా రొయ్యకు అంత అవసరం లేదు. పక్కనే చెరువులున్న జిల్లాలో రొయ్య రుచి కప్పేయడం నాకు నచ్చలేదు. రసం నీళ్లగా ఉంది. చేతులు కడిగే చోట ఒకటే కుళాయి, సబ్బు ముక్క అరిగి పలకగా మారింది. హాలుకు రెండే ఫ్యాన్లు, మార్చి నుంచి అక్కడ కూర్చోవడం కష్టం. గుమ్మం ముందు రెండు ఎత్తు మెట్లున్నాయి, పట్టుకోవడానికి ఏమీ లేదు. అత్తయ్యను మేం ఇద్దరం చెరోవైపు పట్టుకుని ఎక్కించాం. చిన్నపిల్లలకు పెట్టడానికి కారం లేనిది ఏదీ లేదు, పప్పన్నమే దిక్కు. నెత్తళ్ల వేపుడు మాత్రం తప్పక చెప్పండి. తల తీసి, సన్న మంట మీద ఎండే దాకా వేయించారు, పప్పన్నంలోకి నంజుకుంటే పిల్లలూ తింటారు.

ఇంకాస్త తిరగాలనుకునేవాళ్లకు జొన్నవాడ కామాక్షమ్మ గుడి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో పెన్నా ఒడ్డునే ఉంది. మొక్కుకున్నవాళ్లు అక్కడ రాత్రి నిద్ర చేస్తారు. మేం శనివారం సాయంత్రం దర్గాకు బదులు అక్కడికి వెళ్లి ఉండవచ్చు, రెండూ పెట్టుకుంటే దోశ దగ్గరికి ఎనిమిది దాటాకే చేరతాం. పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షులు ఈ ప్రయాణంలో కలపవద్దు. అవి దక్షిణాన సూళ్లూరుపేట వైపు, 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్నాయి. చలికాలంలో వాటి కోసమే విడిగా ఒక ప్రయాణం పెట్టుకోవాలి. సోమశిల, పెంచలకోన కూడా అంతే.

పులుసు పార్సిలు కట్టించుకోవాలని మా ఆయన పట్టుబట్టారు. మెస్సు ఆవిడే వద్దంది. ప్లాస్టిక్ సంచిలో పోస్తే రైలు కుదుపుకు ముక్క నుజ్జవుతుందట, స్టీలు డబ్బా తెచ్చుకుంటే ఇస్తానంది. వెళ్లేవాళ్లు మూత బిగుతుగా ఉన్న వెడల్పు డబ్బా ఒకటి సంచిలో పెట్టుకోండి. ఆదివారం పన్నెండున్నర దాటితే గంట నిలబడాలి, రెండు దాటితే వంజరం తప్ప ఏమీ ఉండదు. బొమ్మిడాయిలు కావాలంటే శనివారం సాయంత్రంలోగా వెళ్లి చెప్పి, సగం డబ్బు ఇచ్చి రావాలి. ఫోనులో చెబితే రాసుకోరు. సోమవారం సెలవు.